ఇల్లు మారేముందు రోజును కొలవండి

ఎండాకాలం వస్తే మా వైపు ఆడవాళ్ళ మాటల్లో రెండు సంగతులే ఎక్కువ వినిపిస్తాయి. ఊరగాయలు ఎంతవరకు వచ్చాయి, జూన్ లోపల ఇల్లు మారుతున్నారా లేదా. ఏప్రిల్ చివర బడులు మూస్తారు, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఆ నెలన్నరలోనే బదిలీలు, బాడుగ ఇళ్ళ వెతుకులాట, టీసీలు, అడ్మిషన్లు, సామాన్ల లారీ, పాలు పొంగించడం అన్నీ జరిగిపోవాలి. ఈ ఏడు ఆ వరసలో మా ఇల్లు కూడా చేరింది.

మేముండేది పులివెందులలో. మా ఆయన పని ఎర్రగుంట్ల దగ్గరున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీకి మారింది. అమ్మాయి ఆరో తరగతికి వస్తుంది, పిల్లోడు మూడుకు. అత్తమ్మ మాతోనే ఉంటారు, ఆమెకు షుగరు, బీపీ. మా ముందు నాలుగు దారులున్నాయి. ఒకటి, పులివెందులలోనే ఉండి ఆయన రోజూ తిరగడం. రెండు, జమ్మలమడుగులో తెలిసినవాళ్ళ పాత మిద్దె. మూడు, ప్రొద్దుటూరు శివార్లలో కొత్తగా బాగుచేయించిన ఇల్లు. నాలుగు, ప్రొద్దుటూరులోనే ఊరి నడుమ, ఎప్పుడు రంగు వేశారో గుర్తులేని పాత ఇల్లు.

చుట్టాలందరి ఓటూ మూడోదానికే. "ఇల్లు బాగుంటే మిగతావన్నీ అవే సర్దుకుంటాయి" అని మా వదిన ఫోనులో తేల్చేసింది. నా అభిప్రాయం అది కాదు. ఇల్లు, బడి, దారి, ఈ మూడింట్లో ఇల్లొక్కటే మనం కొంచెం కొంచెంగా బాగుచేసుకోగలిగేది. బడిలోకి మంచి టీచర్లను మనం తేలేం. ఎర్రగుంట్లను పులివెందుల దగ్గరికి జరపలేం. మార్చలేనివాటిని ముందు చూసుకుని, మార్చుకోగలిగేదాన్ని చివర చూసుకోవడం న్యాయం. కానీ మనందరం చేసేది దీనికి తిరగబడి ఉంటుంది. ఎందుకంటే ఇంటికి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపవచ్చు. పొద్దున 7 గంటలకు బస్సు కోసం నిలబడే పిల్ల ఫోటో ఎవరూ పంపరు.

ముందు దారి సంగతి. ఎర్రగుంట్లకు ప్రొద్దుటూరు నుంచి 15 కిలోమీటర్ల దాకా ఉంటుంది, జమ్మలమడుగు నుంచి దాదాపు దానికి రెట్టింపు, పులివెందుల నుంచి 50 పైనే. "బస్సులున్నాయి కదా, నేను పోయొస్తాలే, మీరు కదలొద్దండి" అన్నారు మా ఆయన. ప్రేమతోనే అన్నారు. నేను కాగితం తీసి లెక్క వేశాను. ఇంటి గడప నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా, బస్సు మారడం, కాచుకోవడం అన్నీ కలిపి పోను గంటా ముప్పావు, రాను గంటా ముప్పావు. రోజుకు మూడున్నర గంటలు. నెలకు 26 రోజులు పనికి పోతే 91 గంటలు. అంటే నెలలో దగ్గరదగ్గర నాలుగు పగళ్ళూ నాలుగు రాత్రులూ ఆయన బస్సులో కూర్చుని ఉంటారన్నమాట.

అందులో ఇంకో సంగతి ఉంది, అది మగవాళ్ళ లెక్కల్లో రాదు. ఆయన ప్రయాణం ఆయన ఒక్కరిదే కాదు. పొద్దున 6 గంటల షిఫ్టుకు ఆయన నాలుగుకే బయల్దేరాలంటే, క్యారియరు కట్టడానికి నేను మూడుకే లేవాలి. ఆయన వచ్చేదాకా పిల్లల హోంవర్కు, అత్తమ్మ మందులు, గ్యాసు సిలిండరు, కరెంటు బిల్లు అన్నీ నావే. ఇంట్లో ఒకరి దారి పొడుగైతే ఇంకొకరి నిద్ర పొట్టిదవుతుంది. ఇల్లు మారేటప్పుడు దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా ఎవరి నిద్రలో నుంచి ఎన్ని గంటలు పోతున్నాయన్న లెక్కలో చూడాలని నేననేది అందుకే.

ఇంకో మాట కూడా ఈ మధ్య తరచూ వింటున్నాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు లేదు కదా, ఎంత దూరంలో ఉంటే ఏముంది అని. ఆ పథకం వల్ల పుట్టింటికి పోయి రావడం, ఆసుపత్రికి పోవడం ఎంత తేలికైందో నాకు తెలుసు, అది మంచిదే. అయితే టికెట్టు మాత్రమే ఉచితం. బస్టాండులో నిలబడే అరగంట మనదే, బస్సులో నిలబడి పోయే గంటా మనదే. డబ్బు ఖర్చు లేదని మన సమయాన్ని ఖర్చు రాయకుండా వదిలేస్తే, ఇంట్లో అందరికంటే చవకైనది మన సమయమే అవుతుంది.

ఇక బడి. బడి మంచిదా కాదా అని ఎలా తెలుసుకుంటాం? మా వైపు సాధారణంగా రెండు చూస్తారు. సెంటర్లో కట్టిన ర్యాంకుల ఫ్లెక్సీ, బడి భవనం. రెండూ రంగులే. ఫ్లెక్సీలో నలుగురి మొహాలుంటాయి, మిగిలిన రెండు వందలమంది పిల్లల సంగతి అందులో ఉండదు. నేను మూడు బడులకు పోయాను. పోయినచోటల్లా ఒకటే అడిగాను, క్లాసులో నడిమధ్య ఉండే పిల్ల నోటుపుస్తకం ఒకటి చూపించమని. మొదటి ర్యాంకు పిల్లది వద్దు, చివరి పిల్లది వద్దు. ఒక బడిలో చూపించారు, ప్రతి పేజీలో ఎర్ర సిరా ఉంది, తప్పు కింద సరైనది రాసి ఉంది. ఇంకో బడిలో "పుస్తకాలు పిల్లల ఇళ్ళ దగ్గరున్నాయి మేడం" అన్నారు. మూడో బడిలో పుస్తకమంతా అందంగా ఉంది, కానీ టీచరు దిద్దిన గుర్తు ఒక్కటీ లేదు. నాకు కావలసింది అక్కడే తెలిసిపోయింది.

ప్రభుత్వ బడులను కూడా చూడకుండా వదిలేయొద్దు. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడులో మొదటి విడతే 15,715 బడులకు మరుగుదొడ్లు, మంచినీళ్ళు, బల్లలు, ప్రహరీ గోడలు, రంగులు వచ్చాయి. బాగుచేసిన ఇంటికి అడగాల్సిన ప్రశ్నే బాగుచేసిన బడికీ అడగాలి. రంగు వెనక ఏముంది? ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లున్నారు? విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా 30 మంది పిల్లలకు ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒకరు ఉండాలి. ప్రతి బడికీ 11 అంకెల యుడైస్ కోడ్ ఉంటుంది. యుడైస్ ప్లస్ వెబ్‌సైట్లో బడి పేరు కొడితే టీచర్లెందరు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అన్నది ఫోనులోనే కనిపిస్తుంది. అది చూసుకుని పోతే మనం అడిగే ప్రశ్నలకు బలం వస్తుంది.

పిల్లోడి తరగతి గురించి ఇంకొకటి కూడా అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. 2022లో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలిపారు, 2025లో మళ్ళీ ఆ పద్ధతి మార్చారు. అందుకే "ఈ తరగతి వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉంటుందా?" అని హెడ్మాస్టరునే నేరుగా అడగడం మంచిది. దగ్గర బడి అని ఇల్లు తీసుకున్నాక తరగతి ఇంకోచోటికి పోతే మొదటికొస్తాం.

మా ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. గండి ఆంజనేయస్వామి గుడికి శ్రావణ శనివారాలు పోయే మనందరికీ తెలిసిన చోటే. అక్కడ పదో తరగతి మార్కులతోనే సీట్లిస్తారు. హాస్టలు లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్తు బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. ఆరేళ్ళ చదువు, ఇంటరూ ఇంజనీరింగూ కలిసే ఉంటాయి. మనం అప్పు చేసి దూరపు బడికి పంపుతున్నది ఏ సీటు కోసమో, ఆ సీటుకు దగ్గరి దారి ఒక్కోసారి మన వీధి చివరి బడిలో నుంచే ఉంటుంది. అందరికీ అదే సరిపోతుందని అనను. లెక్కలోకి తీసుకోకుండా కొట్టేయొద్దంటాను.

బడి విషయంలో మా అమ్మాయి మాట ఒకటి చెప్పాలి. "ఏ బడి కావాలే నీకు?" అంటే, "బాత్రూముకు గొళ్ళెం ఉండే బడి చూడు మా" అంది. నవ్వబోయి ఆగిపోయాను. తను ఇప్పటి బడిలో పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడం లేదట, పోవాల్సి వస్తుందని. ఆ తర్వాత నేను బడులను పొద్దునపూట చూడడం మానేశాను. మధ్యాహ్నం మూడుకు పోయి, ముందు ఆడపిల్లల మరుగుదొడ్డి చూపించమన్నాను. పొద్దున 9 గంటలకు ఏ మరుగుదొడ్డయినా బాగానే ఉంటుంది.

దూరానికీ ఆడపిల్ల చదువుకూ సంబంధం చాలా గట్టిది. విద్యాహక్కు నిబంధనలు రాసినవాళ్ళకు కూడా అది తెలుసు, అందుకే ఐదో తరగతి దాకా బడి ఇంటికి 1 కిలోమీటరు నడక దూరంలో, ఎనిమిదో తరగతి దాకా 3 కిలోమీటర్ల లోపల ఉండాలని పెట్టారు. ఊళ్ళల్లో మనం ఎన్నిసార్లు చూడలేదు? ఐదు దాకా ఊళ్ళో బడి ఉంది, పిల్ల చదివింది. ఆరుకు పక్కూరికి పోయింది. పెద్దమనిషి అయ్యాక, చలికాలంలో సాయంత్రం బస్సు రాక చీకటి పడిన ఒక రోజు ఇంట్లో గొడవయింది, నెల తిరిగేసరికి చదువు ఆగిపోయింది. పిల్ల మొద్దు కాదు, తల్లిదండ్రులు చెడ్డవాళ్ళూ కాదు. దారి పొడుగు. మా అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్ళు. ఈ ఇల్లు తనకు పదో తరగతి దాకా, అంటే దారి గురించి అందరూ భయపడే వయసంతా గడిచే ఇల్లు. నేను ఈ ఇంటిని అందరికంటే ముందు తన కాళ్ళతో కొలుస్తున్నాను.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. ఇల్లు ముఖ్యం కాదని నేననడం లేదు. ఆయన ఇంట్లో మెలకువగా ఉండేది నాలుగైదు గంటలు, పిల్లలు ఐదారు గంటలు, నేను రోజంతా. ఇల్లు వాళ్ళకు విశ్రాంతి, నాకు పనిచేసే చోటు. మంచి వంటిల్లు కావాలనుకోవడం ఆశ కాదు, అవసరం. నా తగువంతా బాగుచేయించిన ఇల్లు అనే మాటతోనే. ఏది బాగుచేశారు? మనం చూసేదా, మనం వాడేదా?

ఆ శివారు ఇంట్లో హాలుకు ఫాల్స్ సీలింగు, అందులో రంగురంగుల లైట్లు, టీవీ వెనక చెక్క పని, వంటింట్లో మెరిసే అరలు ఉన్నాయి. ఓనరు చాలా మంచిగా మాట్లాడారు. ఇల్లంతా రంగు వాసన. నేను మెల్లగా వంగి అలమర వెనక గోడ కింది భాగం చేత్తో తడిమాను, రంగు పొట్టు లేచి ఉప్పు రాలింది. చెమ్మ ఉంది, దాని మీద రంగు ఉంది. ఫాల్స్ సీలింగు ఎందుకు పెట్టారో దాన్ని బట్టి అర్థమైంది. మేనెలలో మధ్యాహ్నం మూడుకు పడమటి గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది. మా జిల్లాలో ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలు. ఇల్లు చూడ్డానికి సాయంత్రం చల్లబడ్డాక పోయేవాళ్ళకు ఆ గోడ సంగతి తెలిసేది అడ్వాన్సు ఇచ్చాకే. బాత్రూములో ఒక బకెట్టు నీళ్ళు పోసి చూశాను, నీళ్ళు తూము వైపు కాకుండా గడప వైపు వచ్చాయి. అత్తమ్మ జారిపడే చోటు అది. ఇక పక్కింటామెను అడిగితే అసలు మాట చెప్పింది. "ఏప్రిల్ నుంచి ట్యాంకరేనక్కా, బోర్లన్నీ ఎండిపోతాయి." ఓనరు చెప్పింది అబద్ధం కాదు, మేం నీళ్ళున్నాయా అని అడిగితే ఉన్నాయన్నారు. ఏ నెలలో అని మేం అడగాలి.

ఇంకో రెండు చూసుకోండి. కొత్త స్విచ్చి బోర్డుల వెనక వైర్లు పాతవేనా, ఎర్తింగు ఉందా అని ఒక ఎలక్ట్రీషియనును తీసుకుపోయి చూపించండి, వాళ్ళకు ఇచ్చే మూడు నాలుగు వందలు వృథా కావు. పైకప్పు పాతదై, కింద టైల్సు మాత్రం కొత్తవైతే, మేడ ఎక్కి నీళ్ళు నిలిచిన మరకలు చూడండి.

డబ్బు లెక్క కూడా చెబుతాను. శివారు ఇంటి బాడుగ 9,000, ఊరి నడుమ పాత ఇల్లు 6,500. పైకి తేడా 2,500. కానీ శివారు నుంచి పిల్లలిద్దరికీ బడి బస్సు తప్పదు, నెలకు ఒక్కొక్కరికి 1,200. తేడా 4,900 అయింది. ఏడాదికి 58,800. బస్సు వేళకు పిల్లలను 7:10కే గేటు దగ్గర నిలబెట్టాలి. పాత ఇంటి నుంచి అదే బడికి నడిచి ఎనిమిది నిమిషాలు.

జమ్మలమడుగు మిద్దె విషయం నాకు నిజంగా కష్టమనిపించింది. కడప బండలు పరిచిన చల్లటి ఇల్లు, మందపాటి గోడలు, వెనక వేపచెట్టు. అత్తమ్మకు ఎంతో నచ్చింది. వందేళ్ళు దాటిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది. నంద్యాల - ఎర్రగుంట్ల రైలుమార్గం 2016లో పూర్తయ్యాక అక్కడి నుంచి ఎర్రగుంట్లకు రైలు కూడా ఉంది. అయితే ఆ లైనులో రైళ్ళు కొద్దే, అవి మా ఆయన షిఫ్టుల చుట్టూ తిరగవు. మూడు షిఫ్టులు మారే ఉద్యోగానికి రోజూ అరవై కిలోమీటర్లు బండి మీద, అందులో కొన్ని రాత్రివేళ. ఆ దారిలో సిమెంటు లారీలు. ఆ ఇంటిని వదులుకోవడం నాకు బాధే, కానీ వేపచెట్టు నీడ కోసం ఆయన్ను రాత్రి రోడ్డు మీద పెట్టలేను.

ఇల్లు, బడి, దారి కాకుండా నాలుగోది ఒకటుంది. దాన్ని నాకు మా పెద్దమ్మ నేర్పింది. వాళ్ళది కొండాపురం మండలంలో గండికోట జలాశయం ముంపులో పోయిన ఊరు. 26.85 టీఎంసీలు పట్టే ఆ జలాశయం కోసం అక్కడ ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళొస్తుంటే జనం చేసిన ఆందోళన మనకందరికీ గుర్తుంది. వాళ్ళది మనలాగా నాలుగు ఇళ్ళు చూసి ఒకటి ఎంచుకునే మార్పు కాదు. కొందరు పునరావాస కాలనీల్లో కట్టుకున్నారు, కొందరు చుట్టుపక్కల పట్నాలకు పోయారు. పెద్దమ్మ కొత్త ఇల్లు పాతదానికంటే పెద్దది, టైల్సున్నాయి, వంటింట్లో కొళాయి ఉంది. ఇల్లు చూసి బాగుందన్నాను. "ఇల్లు బాగనే కట్టుకుంటిమి పాపా, పొద్దున్నే లేసి ఎవరింటికి పోవల్లో తెలీకపాయె" అంది. పాత ఊళ్ళో మజ్జిగ అడిగే ఇల్లు ఒకటి, జ్వరమొస్తే పిల్లలను వదిలే ఇల్లు ఒకటి, కోపమొస్తే పోయి కూర్చునే అరుగు ఒకటి ఉండేవి. నష్టపరిహారం లెక్కలో ఇంటికి విలువ కట్టారు, చెట్లకు కట్టారు. ఆ అరుగుకు కట్టేవాళ్ళెవరు?

అందుకే నేను ఇల్లు చూడ్డానికి పోయినచోటల్లా పక్కిళ్ళ ఆడవాళ్ళతో పది నిమిషాలు మాట్లాడాను. పగటిపూట ఆ వీధిలో ఎవరుంటారు? అత్తమ్మకు షుగరు పడిపోతే, నేను బజారులో ఉంటే, పిలిస్తే పలికేవాళ్ళున్నారా? శివారులో అన్నీ కొత్త ఇళ్ళు, పగలంతా తాళాలు. పాత వీధిలో మేం నిలబడ్డ ఐదు నిమిషాల్లోనే ముగ్గురు వచ్చి మాదే ఊరో, ఎవరి తాలూకో అడిగారు. పుట్టింటివైపు వదిలి, పులివెందుల నుంచి 60 కిలోమీటర్లు జరిగి వస్తున్నదాన్ని నేను. ఆ విసిగించే ప్రశ్నలు కూడా నాకు ఆసరాలాగే అనిపించాయి.

కాబట్టి మేం ప్రొద్దుటూరు పాత ఇంటికే పోతున్నాం. అది చక్కటి ఇల్లేమీ కాదు. వంటింటి గట్టు నా నడుముకు తక్కువ ఎత్తు, పొగ పోవడానికి దారి లేదు, బాత్రూము గచ్చు నున్నగా ఉంది. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే ఓనరు అవ్వతో నాలుగు పనులు అడిగాను. గట్టు ఎత్తు పెంచడం, ఎగ్జాస్టు ఫ్యాను, బాత్రూములో జారని టైల్సు, పట్టుకోవడానికి ఒక కడ్డీ. టైల్సు, ఫ్యాను ఆమె వేయిస్తానంది, గట్టు, కడ్డీ మేమే చేయించుకుంటున్నాం. అన్నీ కలిపి మాకయ్యే ఖర్చు శివారు ఇంటికి నాలుగు నెలలు ఎక్కువ కట్టేదాని కంటే తక్కువ. అడగడానికి మొహమాటపడకండి, వంట చేసేది మనం, గట్టు ఎత్తు చెప్పాల్సింది మనమే.

మీ ఇంట్లో లెక్క వేరేగా రావచ్చు. పిల్లలు పెద్దవాళ్ళయి ఉంటే, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే, ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే తక్కెడ ఇంకోవైపు మొగ్గుతుంది. ఏదైనా సరే, ఇంటి ఫోటోలు చూసేముందు ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఎందరుంటే అన్ని గీతలు గీయండి. ప్రతి ఒక్కరూ ఎన్నింటికి లేస్తారు, ఎక్కడ కాచుకుంటారు, ఎన్నింటికి ఇంటికి చేరతారు, ఎన్నింటికి పడుకుంటారు అని ఆ ఇంట్లో గడిచే ఒక మామూలు మంగళవారాన్ని రాయండి. మీ గీత కూడా గీయడం మరిచిపోవద్దు. మనం ఎక్కువగా వదిలేసేది దాన్నే. ఆ కాగితాన్ని భోజనాల దగ్గర అందరి ముందూ పెట్టి, అప్పుడు ఇంటి మాట ఎత్తండి. మా ఆయన ఆ కాగితం చూశాక శివారు ఇంటి ఫాల్స్ సీలింగు గురించి మళ్ళీ మాట్లాడలేదు.